8 హెచ్‌పీ అవుట్‌బోర్డ్: పై సిలిండర్ ప్లగ్ థ్రెడ్ పోయింది. హెడ్ విప్పాలా, విప్పకుండానే అవుతుందా?

ఉప్పాడ_కెరటం (కాకినాడ జిల్లా)

అందరికీ నమస్కారం. మా అన్నయ్య ఫైబర్ బోటుకి యమహా 8 హెచ్‌పీ టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ (బోటు వెనక తగిలించే ఇంజన్) ఉంది. రెండు సిలిండర్లది, రోపు లాగి స్టార్ట్ చేసే రకం. నిరుడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. వేట నిషేధం నడుస్తోంది కాబట్టి, బోటు ఒడ్డున ఉండగానే స్పార్క్ ప్లగ్గులు మార్చేద్దామని పై మూత తీశాం. కింద ప్లగ్ మామూలుగా వచ్చేసింది. పైది మాత్రం మొదటి నుంచీ బిగువుగా, కిర్రుమంటూ వచ్చింది. తీరా చూస్తే దాని మరల మధ్య సన్నటి వెండి తీగలా అల్యూమినియం చుట్టుకుని ఉంది. ఇప్పుడు కొత్త ప్లగ్ పెడితే కాస్త దూరం వెళ్లి, ఆ తర్వాత ఎంత తిప్పినా ఊరికే తిరుగుతోంది.

ఇక్కడ ఒక బైక్ మెకానిక్ బోటు దగ్గరికే వచ్చి డ్రిల్ వేసి హెలికాయిల్ (పోయిన మరల చోట ఎక్కించే తీగ చుట్ట) పెట్టేస్తానంటున్నాడు. ఇంకొకాయన సిలిండర్‌ని మూసే హెడ్ మార్చడమే దారి అంటున్నాడు. కొత్త హెడ్ కొనే పరిస్థితి లేదు. జూన్ 14తో నిషేధం అయిపోతుంది, ఆ లోపు ఇంజన్ రెడీగా ఉండాలి. ఎవరైనా ఈ పని చేయించినవాళ్లు ఉంటే చెప్పండి.

---

టూస్ట్రోక్_పిచ్చి (హైదరాబాద్)

బ్రదర్, టెన్షన్ పడకు. ఆర్‌ఎక్స్ 100 హెడ్‌కి నేను ఇదే చేయించాను. అదీ 14 మి.మీ. ప్లగ్గే, పొట్టి థ్రెడ్డే. హెలికాయిల్ కిట్ తెప్పించుకుంటే డ్రిల్ బిట్, మరలు కోసే ట్యాప్, కాయిల్, దాన్ని ఎక్కించే టూల్ అన్నీ అందులోనే వస్తాయి. సాయంత్రం కూర్చుంటే రాత్రికి బండి స్టార్ట్. ఆ బైక్ మెకానిక్ చెప్పింది కరెక్టే.

---

హార్బర్_మెకానిక్ (విశాఖపట్నం)

తమ్ముడూ, ఎవరినీ బోటు మీద డ్రిల్ వేయనివ్వకు. ముందు నాకు మూడు సంగతులు చెప్పు. తీసిన ప్లగ్గుల మీద నంబరు ఏముంది, పైదీ కిందదీ విడివిడిగా చెప్పు. పై ప్లగ్‌కి వాషర్ ఉందా లేదా. హెడ్ బోల్టుల తలలు ఎలా ఉన్నాయి, తెల్లటి పొడి పట్టి ఉబ్బాయా, శుభ్రంగా ఉన్నాయా.

టూస్ట్రోక్ గారూ, మీరు చెప్పింది బైకుకి బాగానే ఉంటుంది. బైక్ హెడ్ నాలుగు నట్లు విప్పితే చేతిలోకొస్తుంది, బల్ల మీద పెట్టుకుని చేసుంటారు. ఇక్కడ ఆ మెకానిక్ ఇంజన్ మీద ఉండగానే చేస్తానంటున్నాడు. తేడా అక్కడుంది.

---

ఉప్పాడ_కెరటం

అన్నా, కింద ప్లగ్ ఎన్‌జీకే కంపెనీ బీ7హెచ్‌ఎస్. పై దాని మీద బీపీ7ఈఎస్ అని ఉంది. వాషర్ ఉంది కానీ బాగా నలిగి పలకలా అయిపోయింది. రెండూ పక్కపక్కన పెడితే పైదాని థ్రెడ్ భాగం పొడుగ్గా ఉంది, చివర మరల్లో నల్లగా గట్టిగా కార్బన్ పట్టేసి ఉంది. మేం కొన్నాక ప్లగ్గులు తీయడం ఇదే మొదటిసారి. బోల్టుల్లో కింద వరసవి తెల్లగా ఉప్పు పట్టి ఉన్నాయి, పైవి ఫర్వాలేదు.

---

హార్బర్_మెకానిక్

దొరికింది దొంగ.

బీ7హెచ్‌ఎస్ థ్రెడ్ పొడవు 12.7 మి.మీ. బీపీ7ఈఎస్ పొడవు 19 మి.మీ. లావు ఒకటే, 14 మి.మీ., పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం) కూడా ఒకటే 1.25. అందుకే కొట్లో ఏది ఇచ్చినా ఎక్కుతుంది. ఇంజన్ పాత ఓనరో, అతని మెకానిక్కో చేతికందింది పెట్టేశారు. పొడుగు ప్లగ్ పెడితే ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు థ్రెడ్ హెడ్ దాటి మంట మండే గదిలోకి పొడుచుకు వస్తుంది. ఆ మరల్లో కార్బన్ పట్టి రాయిలా గట్టిపడుతుంది. తీసేటప్పుడు ఆ కార్బన్ మరలు హెడ్‌లోని మెత్తటి అల్యూమినియం మరల గుండా బయటికి రావాలి కదా, వస్తూ వస్తూ వాటిని గీసుకుంటూ వస్తాయి. నువ్వు చూసిన తీగ అదే. ఇది బలంగా బిగించడం వల్ల వచ్చిన తంటా కాదు.

ముందు టార్చి వేసి ప్లగ్ కన్నంలోంచి పిస్టన్ తల చూడు. గుండ్రంగా గుంటలాంటి మచ్చ ఉంటే ప్లగ్ తగిలిందన్నమాట, అప్పుడు కథ వేరు. మచ్చ లేకపోతే హెడ్ ఒక్కటే పని.

---

కొల్లేరు_కుర్రాడు

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఎమ్‌సీల్ లాంటిది రాసి ప్లగ్ బిగించేస్తే నిషేధం అయ్యాక ఒక నెల నడవదా? మా ఊళ్లో పంపుసెట్టుకి ఒకాయన అలాగే చేశాడు.

---

హార్బర్_మెకానిక్

నడవదు. ప్లగ్ చుట్టూ ఉండే వేడికి ఎపాక్సీ మెత్తబడుతుంది, లోపల ప్రెజర్ నెడుతుంది. సముద్రంలో ప్లగ్ ఊడి ఎగిరితే మొహానికి తగలొచ్చు. అది తగలకపోయినా, ఆ కన్నంలోంచి ప్రతి చుట్టుకీ పెట్రోలు ఆవిరి బుస్సుమని బయటికొస్తుంది. ఊడిన ప్లగ్ వైరు చివరే ఉండి స్పార్క్ ఇస్తూనే ఉంటుంది. పక్కనే పెట్రోలు ట్యాంకు, మనుషులు. ఆ మాటే వద్దు.

---

లేత్_భీమవరం

నాది లేత్ షాపు. చెరువుల ఏరియేటర్ల పని ఎక్కువ, మధ్యలో ఇలాంటివి వస్తుంటాయి. చేతక్ స్కూటర్లు, పాత ఆటోలు తిరిగిన రోజుల్లో ప్లగ్ కన్నానికి బుష్ (లోపలా బయటా మరలున్న గొట్టం ముక్క) వేయడం మా నాన్నగారికి రోజువారీ పని. అంచేత రెండు మాటలు.

మొదటిది, థ్రెడ్ ఎంత పోయిందో తేల్చుకోవాలి. మొదటి ఒకటి రెండు మరలే నలిగి లోపల బాగుంటే 14 × 1.25 ట్యాప్ గ్రీజు పూసి చేత్తో మెల్లగా దింపి మరలు సాపు చేస్తే చాలు. ఈ తమ్ముడి కేసులో తీగ ఊడి వచ్చింది, ప్లగ్ ఊరికే తిరుగుతోంది. అంటే పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. ట్యాప్‌తో పని కాదు.

రెండోది, హెలికాయిల్ కంటే లేత్‌లో తిరిగిన బుష్ నాకు నచ్చుతుంది. హెలికాయిల్ అంటే స్టీలు తీగ చుట్ట. దానికి బయట ట్యాప్ సుమారు 15.6 మి.మీ. వస్తుంది, లోహం తక్కువ తీస్తాం, అది దాని మంచి గుణం. కానీ ఈ ప్లగ్గులు తరచూ తీసి పెట్టేవి. ఉప్పు పట్టిన ప్లగ్‌తో పాటు కాయిల్ కూడా స్ప్రింగులా సాగి బయటికి రావడం నేను చూశాను. బుష్ అయితే బయట 18 × 1.5 థ్రెడ్, లోపల 14 × 1.25. ఒకసారి కూర్చుంటే అది హెడ్‌లో భాగమే.

ఒక్కటే జాగ్రత్త. ఇది నీళ్లతో చల్లబడే హెడ్. ప్లగ్ కన్నం చుట్టూ లోహం ఎంత మందం ఉందో, దాని వెనక నీటి దారి ఎంత దగ్గరగా వెళ్తోందో కళ్లతో చూడకుండా 16.5 డ్రిల్ దింపకూడదు. నీటి దారిలోకి కన్నం పడిందంటే హెడ్ పాతసామాన్లకే. స్కూటర్ హెడ్‌కి ఈ భయం లేదు, అది గాలికి చల్లబడేది. బైక్ మెకానిక్‌కి ఈ సంగతి తట్టకపోవచ్చు.

---

మిన్నెసోటా_సరస్సు (అమెరికా)

ఇక్కడ సరస్సుల్లో చేపలకి వెళ్లేవాళ్లం చాలామందిమి పాత టూ స్ట్రోక్‌లే వాడతాం. మా దగ్గర ఈ పనికి టైమ్‌సర్ట్ అనే కిట్ వాడతారు. అది హెలికాయిల్ లాంటి తీగ కాదు, లేత్ గారు చెప్పిన బుష్‌లాగా గట్టి స్లీవ్. పైన చిన్న అంచు ఉంటుంది, దాంతో అది లోపలికి జారిపోదు. ఎక్కించే టూల్ చివరికి వచ్చేసరికి స్లీవ్ అడుగు మరలని బయటికి వ్యాకోచింపజేసి లాక్ చేస్తుంది. కిట్ ఖరీదైనదే, కానీ హెడ్ విప్పకుండా ఇంజన్ మీదే చేసేస్తారు. నా పక్కింటాయనది అలా చేసి చాలా సీజన్లయింది, ఏ గొడవా లేదు.

---

హార్బర్_మెకానిక్

మిన్నెసోటా అన్నా, ఆ కిట్ మంచిదే. కానీ మీది మంచినీళ్లు, మాది ఉప్పు. పైగా ఆ కిట్ కాకినాడలో కొట్లో అడిగితే దొరకదు. లేత్ షాపు మాత్రం ప్రతి ఊళ్లో ఉంది.

ఇంజన్ మీద చేయడం ఎందుకు వద్దంటున్నానో వివరంగా చెబుతా, తర్వాత చదివేవాళ్లకీ పనికొస్తుంది.

ఫోర్ స్ట్రోక్‌లో అల్యూమినియం పొట్టు లోపల పడితే పిస్టన్ మీద ఉంటుంది, పీల్చి తీసుకోవచ్చు. టూ స్ట్రోక్‌లో సిలిండర్ గోడకే కిటికీలు ఉంటాయి. ఒకటి సైలెన్సర్ వైపు, మిగతావి కింద క్రాంక్‌కేస్ నుంచి పెట్రోలు వచ్చే దారులు. పిస్టన్ కిందికి దిగిన క్షణంలో పొట్టు ఆ దారుల్లో దూరితే నేరుగా క్రాంక్ బేరింగుల్లోకి పోతుంది. అక్కడ ఉండేవి రోలర్లూ సూదుల్లాంటి నీడిల్సూ. వడపోసే ఆయిల్ ఫిల్టర్ లేదు, ఆయిల్ సంపూ లేదు. పెట్రోల్లో కలిపిన ఆయిలే వాటికి ఆధారం. చిటికెడు పొట్టు చాలు. ప్లగ్ థ్రెడ్ బాగుచేయబోయి క్రాంక్ మార్చుకున్న ఇంజన్లు నా షెడ్‌కి వచ్చాయి.

అదే హెడ్ విప్పితే? టూ స్ట్రోక్ హెడ్‌లో వాల్వులు లేవు, క్యామ్ లేదు, బెల్టు లేదు. ఒక మూత, అంతే. చేతిలోకి వస్తే లేత్ ఆయన నిటారుగా కన్నం వేస్తాడు, నీటి దారి కనిపిస్తుంది, పొట్టు గొడవే లేదు. పోయేదల్లా ఒక హెడ్ ప్యాకింగ్ ఖర్చు.

దీనికో ఎదురు వాదన ఉంది, అది నిజమే. ఉప్పునీటి ఇంజన్ హెడ్ బోల్టులు పట్టేసి ఉంటాయి, విప్పబోతే తెగుతాయి. అందుకే బోల్టుల సంగతి అడిగాను. కింద వరసలో ఉప్పు ఉందన్నావు కదా తమ్ముడూ, వాటితో తొందరపడకు.

---

పాలిటెక్నిక్_మాస్టారు (రాజమహేంద్రవరం)

బుష్ ఏ లోహంతో చేయించాలన్నది కూడా ముందే తేల్చుకోండి. లేత్ షాపుల్లో అలవాటుగా ఇత్తడి కడ్డీ తీసుకుంటారు. అందుకు కారణం లేకపోలేదు. వేడికి అల్యూమినియం ఒక్కో డిగ్రీకి మిలియన్‌లో 23 వంతులు సాగుతుంది, ఇత్తడి 19, మామూలు స్టీలు 12 వరకు. హెడ్ వేడెక్కినప్పుడు ఇత్తడి బుష్ దాదాపు హెడ్‌తో పాటే సాగుతుంది, స్టీలుది వెనకబడి పట్టు కాస్త సడలుతుంది. ఇక ప్లగ్ తన వేడిని వదిలించుకునేది ఎక్కువగా థ్రెడ్ ద్వారా, వాషర్ ద్వారా హెడ్‌లోకే. అందులోనూ ఇత్తడి మేలు. వేడిని మోసే శక్తి ఇత్తడికి సుమారు 110, మామూలు స్టీలుకి 50, స్టెయిన్‌లెస్‌కి 16 దగ్గర ఉంటుంది. ప్లగ్ వేడి దిగకపోతే దాని మొన ఎర్రగా కాగి, స్పార్క్ రాకముందే పెట్రోలు మండించేస్తుంది. పిస్టన్ తల కరిగేది అలాగే.

అయితే సముద్రం దగ్గర ఇత్తడికి ఒక లోపం. ఉప్పునీరు తగిలే చోట ఇత్తడీ అల్యూమినియమూ ఆనుకుని ఉంటే తినబడేది అల్యూమినియమే. ఈ విషయంలో మామూలు స్టీలు కంటే ఇత్తడి చెడ్డది. కాబట్టి ఇత్తడి వేసినా బుష్ బయటి థ్రెడ్‌కి వేడి తట్టుకునే లాకింగ్ జిగురు పూర్తిగా పట్టించి, రెండు లోహాల మధ్య తేమ దూరకుండా చూడాలి.

---

లేత్_భీమవరం

మాస్టారూ, లెక్కలతో చెప్పారు కాబట్టి ఇక మా కుర్రాళ్లకి చూపిస్తా. మేం ఇత్తడే వేస్తాం. 200 డిగ్రీలు దాటినా పనిచేసే లాక్‌టైట్ రకం దొరుకుతుంది, అది పూసి బిగించి రాత్రంతా వదిలేస్తాం. తర్వాత అంచున పంచ్‌తో మూడు చోట్ల చిన్న దెబ్బ.

తమ్ముడు ఏ లేత్ షాపుకి వెళ్లినా ఈ నాలుగూ అడిగి చేయించుకోవాలి. కన్నాన్ని చేతి డ్రిల్‌తో కాకుండా, ప్లగ్ వాషర్ కూర్చునే ముఖాన్ని ఆధారం చేసుకుని మెషీన్ మీద సెంటర్ పట్టాలి, లేకపోతే ప్లగ్ వంకరగా కూర్చుని ఒక పక్క నుంచి గ్యాస్ లీకవుతుంది. బుష్ వేశాక ఆ ముఖాన్ని మళ్లీ సన్నగా చదును చేయాలి. లోపలి వైపు బుష్ హెడ్ గోడతో సమానంగా ఉండాలి, పొడుచుకు రాకూడదు, పదును అంచు వదలకూడదు, ఆ పదునే నిప్పులా కాగుతుంది. థ్రెడ్ పొడవు 12.7కే ఉండాలి.

ఒరిజినల్ ప్లగ్ ఒకటి చేతికిచ్చి, నా ముందే బిగించి చూపించు అను. తక్కినవాటికి వాదన అక్కర్లేదు.

---

అడ్మిన్

ఉప్పాడ_కెరటం గారూ, ఫొటోలు పెట్టేటప్పుడు సైజు తగ్గించి పెట్టండి. ఒక్కో ప్లగ్ ఫొటో పేజీ అంతా ఆక్రమిస్తోంది. ఆసక్తిగానే ఉంది, కాదనను.

---

ఉప్పాడ_కెరటం

సారీ అడ్మిన్ గారూ, తగ్గించాను.

పిస్టన్ చూశాం, మచ్చ లేదు. బతికిపోయాం. హెడ్ విప్పడానికే నిర్ణయించుకున్నాం, అన్నయ్య కూడా సరేనన్నాడు. బోల్టులు తెగకుండా ఎలా విప్పాలో చెప్పగలరా? ఇంజన్ బోటు నుంచి దింపి ఇంటి దగ్గర స్టాండుకి బిగించాం.

---

హార్బర్_మెకానిక్

స్టాండుకి బిగించడం మంచి పని చేశారు.

బోల్టు తల చుట్టూ ఉప్పు గీకి, డబ్ల్యూడీ లాంటి నూనె కొట్టి వదిలెయ్. సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి. మా షెడ్‌లో ఏటీఎఫ్ అనే గేర్‌బాక్స్ ఆయిల్, అసిటోన్ సగం సగం కలిపి వాడతాం, స్ప్రే డబ్బాల కంటే బాగా దిగుతుంది. అది అంటుకునే సరుకు, వేడి చేసే ముందు పూర్తిగా తుడిచి ఆరనివ్వాలి. తర్వాత ప్రతి బోల్టు తల మీద పంచ్ పెట్టి సుత్తితో నిటారుగా టకటకా కొట్టు. గట్టిగా కాదు, లోపల పట్టిన ఉప్పు పగలాలి అంతే.

విప్పేటప్పుడు ముందు వెంట్రుకవాసి బిగించు, అప్పుడు విప్పు. టిక్కుమని కదిలితే పాస్. కదిలాక ఒకేసారి విప్పేయకు, పావు చుట్టు విప్పి మళ్లీ వెనక్కి, నూనె, మళ్లీ విప్పు. రబ్బరులా మెలిపడుతున్నట్టు చేతికి తెలిస్తే అక్కడే ఆగు. అది విరగబోతోంది. అప్పుడు బోల్టుని కాదు, దాని చుట్టూ అల్యూమినియాన్ని వేడి చేయాలి. చిన్న గ్యాస్ టార్చి చాలు. పెట్రోలు పైపులు, కార్బురేటర్ తీసి దూరంగా పెట్టాకే టార్చి వెలిగించు.

విప్పిన బోల్టులు ఏ కన్నానివి ఆ కన్నానికే వెళ్లేలా అట్ట ముక్కకి గుచ్చి పెట్టుకో.

---

గోదారి_గట్టు

అట్టముక్క టిప్ భలే ఉంది. నేను డీజిల్ పంపు విప్పి బోల్టులన్నీ ఒకే గిన్నెలో వేస్తాను, తర్వాత పజిల్ ఆట.

---

ఉప్పాడ_కెరటం

అప్‌డేట్. హెడ్ ఊడింది.

బోల్టులన్నీ వచ్చాయి, కింద వరసలో ఒకటి తప్ప. అది తల దగ్గర తెగింది. హెడ్ తీశాక బ్లాకులో వేలి గోరంత మొండెం పైకి మిగిలింది. కాకినాడలో వెల్డింగ్ ఆయన దాని మీద నట్టు పెట్టి వెల్డ్ కొట్టాడు. ఎర్రగా ఉన్నది కాస్త చల్లారాక పానాతో తిప్పితే చక్కగా వచ్చేసింది.

లోపల చూసి భయమేసింది. నీటి దారులు సగానికి పైగా తెల్లటి ఉప్పు గడ్డలతో మూసుకుపోయి ఉన్నాయి. పక్కింటాయన బాత్రూం యాసిడ్ పోస్తే ఐదు నిమిషాల్లో కరుగుతుందన్నాడు. పోయొచ్చా?

---

పాలిటెక్నిక్_మాస్టారు

దయచేసి పోయకండి! అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. ఉప్పు కంటే ముందు అల్యూమినియాన్నే తినేస్తుంది, బుడగలు వస్తుంటే శుభ్రమవుతోందని మీరు అనుకుంటారు. వెదురు పుల్లతో, ప్లాస్టిక్ బ్రష్‌తో గీకండి. గోరువెచ్చటి మంచినీళ్లలో నానబెడుతూ మళ్లీ మళ్లీ చేయండి. మిగిలిన గట్టి పొరకి పలుచటి వెనిగర్ కాసేపు పెట్టి వెంటనే కడిగేయొచ్చు. ఇనుప స్క్రూడ్రైవర్‌తో ప్యాకింగ్ కూర్చునే ముఖం గీసుకుపోకుండా చూసుకోండి.

---

హార్బర్_మెకానిక్

మాస్టారు చెప్పినట్టు చెయ్. నీటి దారి అలా మూసుకుపోయి ఉంటే ఆ సిలిండర్ వేడెక్కుతూనే ఉండి ఉంటుంది, కార్బన్ అంత గట్టిపడడానికి అదీ ఒక కారణం కావచ్చు. థర్మోస్టాట్ తీసి వేడినీళ్లలో వేసి తెరుచుకుంటోందో లేదో చూడు. నీటి పంపు ఇంపెల్లర్ (లోపల తిరిగే రెక్కల చక్రం) కూడా ఈ ఊపులోనే మార్చేయ్. నిషేధం రోజుల్లో చేయని పని, వేట మొదలయ్యాక ఎవడూ చేయడు.

లేత్ నుంచి హెడ్ వచ్చాక దాని ముఖం చదునుగా ఉందో లేదో చూడాలి. మందమైన అద్దం పలక మీద 400 నంబరు వాటర్ పేపరు పరిచి, నీళ్లు చల్లి, హెడ్‌ని ఎనిమిది అంకె ఆకారంలో రుద్దు. రెండు నిమిషాలకే ఎత్తు ఎక్కడ ఉందో మెరుపు చెబుతుంది. స్కేలు పెట్టి ఫీలర్ గేజ్‌తో చూస్తే 0.1 మి.మీ. కంటే ఎక్కువ వంపు ఉండకూడదు. పాత ప్యాకింగ్ మళ్లీ వేయొద్దు. బోల్టులు మధ్యలోంచి బయటికి, రెండు విడతలుగా, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి, అంటే బిగించే బలానికి.

---

ఉప్పాడ_కెరటం

లేత్ పని అయ్యింది. లేత్_భీమవరం గారు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లి చదివి వినిపించాను. అక్కడున్న పెద్దాయన మొదట నవ్వారు, తర్వాత ఎవరు చెప్పారు నీకివన్నీ అని అడిగారు. ఇత్తడి బుష్ వేశారు. 18కి వెళ్లే ముందు నీటి దారి గోడ మందం కొలిచి చూపించారు, చాలినంత ఉంది. ముఖం చదును చేసి, కొత్త బీ7హెచ్‌ఎస్ నా ముందే బిగించి తీశారు. కొత్త ప్యాకింగ్ కూడా దొరికింది. రేపు బిగిస్తాం.

ప్లగ్ ఎంత బిగించాలి? మా దగ్గర టార్క్ రెంచ్ లేదు, హెడ్ బోల్టులకి అద్దెకి తెస్తున్నాం.

---

హార్బర్_మెకానిక్

తెచ్చాక ప్లగ్‌కీ అదే వాడు, 25 న్యూటన్ మీటర్లు. అది లేనప్పుడు చేత్తో వాషర్ ఆనేదాకా తిప్పి, ఆపైన పానాతో పావు నుంచి అర చుట్టు. కొత్త వాషర్ నలగాలి కాబట్టి అంత. ఒకసారి వాడిన ప్లగ్ మళ్లీ పెడితే వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది, పానాతో కాస్త పట్టు ఇస్తే చాలు.

మొదలుపెట్టేటప్పుడు పానా వద్దు. జానెడు పెట్రోలు పైపు ముక్క తీసుకుని ప్లగ్ తెల్లటి పింగాణీ వైపు గుచ్చి, ఆ పైపు పట్టుకుని తిప్పు. మర వంకరగా పట్టిందంటే పైపు జారిపోతుంది కానీ ప్లగ్ తిరగదు. థ్రెడ్ చెడదు. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ప్లగ్ తీయొద్దు, చేయి పెట్టగలిగేంత చల్లారాకే.

మరలకి కొంచెం యాంటీసీజ్ (మరలు పట్టేయకుండా పూసే పేస్టు) గానీ మెరైన్ గ్రీజు గానీ పూయి. అగ్గిపుల్ల చివరతో, మధ్య మరల్లో మాత్రమే. మొనకి అంటకూడదు.

---

పాలిటెక్నిక్_మాస్టారు

చివరి మాటతో నేను ఏకీభవించను. ఎన్‌జీకే వాళ్లే తమ ప్లగ్ థ్రెడ్‌కి ప్రత్యేక పూత ఉందని, యాంటీసీజ్ అక్కర్లేదని చెబుతారు. అది పూస్తే జారుడు పెరిగి, అదే 25 దగ్గర అసలు బిగుతు 20 శాతం దాకా ఎక్కువైపోవచ్చు. కొత్త బుష్‌కి మనమే భారం పెంచినట్టు.

---

హార్బర్_మెకానిక్

మాస్టారూ, ఆ కాగితం కారు వాడేవాళ్లకి. ఉప్పు గాలిలో ఏడాది పాటు తీయకుండా వదిలేసిన ప్లగ్ పొడిగా ఉంటే ఏమవుతుందో నా షెడ్‌కి రండి, చూపిస్తా. టార్క్ ఎక్కువవుతుందన్నది ఒప్పుకుంటా, అందుకే గ్రీజు పూస్తే 25 బదులు 20 దగ్గర ఆపమంటాను.

---

లేత్_భీమవరం

నెలకోసారి చల్లటి ఇంజన్ మీద ప్లగ్ తీసి, తుడిచి, మళ్లీ పెడితే ఇద్దరి గొడవా తీరుతుంది. అది ఎవరూ చేయరు కాబట్టి నా ఓటు గ్రీజుకే.

---

టూస్ట్రోక్_పిచ్చి

నేను మాత్రం మాస్టారి వైపు. బైక్ ప్లగ్‌కి ఏమీ పూయను, ఇంతవరకు పట్టేయలేదు. బైకు సముద్రంలోకి వెళ్లదనుకోండి.

---

ఉప్పాడ_కెరటం

బిగించి డ్రమ్ములో మంచినీళ్లు పోసి నడిపాం. మూడో లాగుకి అందుకుంది. నీళ్లు పక్క కన్నంలోంచి ఇదివరకటి కంటే బలంగా కొడుతున్నాయి. ప్లగ్ చుట్టూ సబ్బునీళ్లు రాశాం, ఒక్క బుడగ లేదు. కంప్రెషన్ గేజ్ అద్దెకి దొరికింది, రెండు సిలిండర్లూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. చూసేటప్పుడు హార్బర్ అన్న ఫోన్‌లో చెప్పినట్టు ప్లగ్ వైర్లు రెండూ బాడీకి ఎర్త్ చేసి, స్టాప్ స్విచ్ క్లిప్ తీసేశాం.

అన్నయ్య ప్లగ్ నంబరు ఇంజన్ మూత లోపలి వైపు పెయింటుతో రాసి పెట్టాడు, తోటి బోటు వాళ్లు కూడా వాళ్ల ప్లగ్గులు తీసి చూసుకుంటున్నారు. ఇద్దరి దగ్గర పొడుగువే ఉన్నాయి!

---

హార్బర్_మెకానిక్

వాళ్లని ఆత్రంగా విప్పొద్దని చెప్పు. పొడుగు ప్లగ్ ఉందని తెలిస్తే ముందు ఇంజన్ గోరువెచ్చగా అయ్యేదాకా నడిపి ఆపాలి. ప్లగ్ మొదట్లో చుట్టూ నూనె వేసి వదిలి, తర్వాత ఎనిమిదో వంతు చుట్టు విప్పడం, మళ్లీ బిగించడం, మళ్లీ విప్పడం. కార్బన్ కొంచెం కొంచెంగా నలిగి రాలుతుంది. గబగబా విప్పేస్తే మళ్లీ ఇదే కథ.

---

కృష్ణపట్నం_కుర్రాడు (నెల్లూరు)

ఈ చర్చ మొత్తం చదివాను. నా దగ్గర ఫోర్ స్ట్రోక్ 9.9 ఉంది, ప్లగ్ థ్రెడ్ అనుమానంగా ఉంది. దానికీ హెడ్ విప్పాలా?

---

హార్బర్_మెకానిక్

నీకు సలహా తిరగబడుతుంది. ఫోర్ స్ట్రోక్ హెడ్‌లో క్యామ్, వాల్వులు, టైమింగ్ బెల్టు ఉంటాయి. విప్పి మళ్లీ టైమింగ్ కలపడం అందరి పనీ కాదు. నీకైతే గట్టి స్లీవ్ కిట్‌తో ఇంజన్ మీదే చేయించడం మేలు, మిన్నెసోటా అన్న చెప్పిన లాంటిది. కంప్రెషన్ స్ట్రోక్‌లో వాల్వులు రెండూ మూసుకుని ఉండేలా పిస్టన్ పైకి తెచ్చి, ట్యాప్ తగలకుండా పది మిల్లీమీటర్లు కిందికి దించి ఆపు. ట్యాప్ గాళ్లలో గ్రీజు నింపి, అర చుట్టుకోసారి బయటికి తీసి తుడిచి మళ్లీ దింపాలి. తర్వాత సన్నటి పైపుతో వాక్యూమ్.

ఇంకో మాట. పని జరుగుతున్నంతసేపు ఇంజన్ నిటారుగా ఉండాలి. టిల్ట్ చేసి పైకెత్తితే ప్లగ్ కన్నం ఆకాశం వైపు తిరుగుతుంది, పొట్టంతా లోపలికే.

ముందు ప్లగ్ నంబరు, ఇంజన్ మోడల్ ఇక్కడ పెట్టు. ఫోర్ స్ట్రోక్‌లలో ప్లగ్ సైజులు రకరకాలు, అన్నీ 14 కావు. అది తేలాకే కిట్ కొను.